మందు కొట్టేవారికి నెలనెలా రక్తపరీక్ష చేయించాలి



వానలు పడగానే వీధుల్లోకి దోమల మందు ఫాగింగ్ వస్తుంది. పొగ కనపడితే చాలు, ఇళ్లవాళ్లు పిల్లల్ని లోపలికి పిలిచి కిటికీలు మూసుకుంటారు. మెషిన్ భుజాన వేసుకున్న మనిషి మాత్రం ఆ పొగలోనే నడవాలి. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు మందు ఆవిరిని ఆపదు. చెదల మందు కొట్టే కుర్రాళ్ల పనీ ఇలాంటిదే. గోడ వెంట నేలకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి, గాలి ఆడని గదుల్లో క్లోర్‌పైరిఫాస్ పోస్తుంటారు. ఇళ్లలో ఆ మందు వాడకాన్ని ఆపాలని అమెరికా 2000లోనే నిర్ణయించింది.

ఫాగింగ్‌లో వాడే మలాథియాన్, ఈ క్లోర్‌పైరిఫాస్ రెండూ ఆర్గానోఫాస్ఫేట్లే. నరాల పనిని అదుపులో ఉంచే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అవి దెబ్బతీస్తాయి. చెమటలు పోస్తాయి, నోట్లో నీళ్లూరతాయి, చూపు మసకబారుతుంది, ఛాతీ బిగుస్తుంది. మోతాదు మించితే ఊపిరే ఆగిపోతుంది. మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. రోజూ కొద్దికొద్దిగా మందు ఒంటికి పట్టేవాడికి తలనొప్పి, నీరసం ఉంటాయి. ఎండదెబ్బేమో అనుకుని గోళీ మింగి మర్నాడు మళ్లీ పనికెళ్తాడు. మలాథియాన్ మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది.

ఒంట్లో బాధ తెలియకముందే ఆ ఎంజైము తగ్గుదలను రక్తపరీక్ష పట్టేస్తుంది. ఇది పూర్తిగా కొత్త కోరికేమీ కాదు. ఈ మందులతో పనిచేసేవారికి చేరేముందు వైద్యపరీక్ష, వాటి తయారీ యూనిట్లలో పనిచేసేవారికి నెలనెలా కోలినెస్టరేజ్ పరీక్ష చేయించాలని 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్‌లోని 37వ నియమం చెబుతోంది. ఆ నెలనెలా పరీక్ష మందు కొట్టేవారికీ కావాలి. మామూలు స్థాయి మనిషి మనిషికీ వేరు. మొదటి పరీక్ష లేకపోతే తర్వాతి అంకెను దేనితో పోల్చాలి? కాలిఫోర్నియాలో పొలాల్లో ఈ మందులు కలిపేవారి ఎర్రరక్తకణాల్లో ఆ ఎంజైము తన మామూలు స్థాయిలో 70 శాతానికి పడిపోతే పని మాన్పిస్తారు. 80 శాతానికి వచ్చాకే మళ్లీ రానిస్తారు.

పెన్‌గంగ నదికి అవతల, మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొట్టిన కూలీలు వందలాదిగా ఆసుపత్రుల పాలయ్యారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. అది పొలం, ఇది ఊరు అని సరిపెట్టుకోవడానికి లేదు. నరాల మీద పనిచేసే మందులు రెండుచోట్లా ఉన్నాయి.

ఇప్పుడు ఎక్కువగా పైరిత్రాయిడ్లే వాడుతున్నామని కొందరంటారు. వాటి ప్రభావం ఈ రక్తపరీక్షలో కనపడదన్నది నిజమే. కానీ ముఖం మంట, చర్మం చురచురలు వాటితోనూ ఉంటాయి; వైద్యపరీక్ష అవి కొట్టేవారికీ హక్కే.

మున్సిపాలిటీలు ఒక పని చేయొచ్చు. కార్మికుల పరీక్ష రిపోర్టులు జతచేస్తేనే కాంట్రాక్టరు బిల్లు చెల్లించాలి. రిపోర్టు బాగా లేక పని ఆపినవారికి ఆ రోజుల కూలి కూడా ఇవ్వాలి. లేకపోతే కూలి పోతుందన్న భయంతో వాళ్లు పరీక్షకే రారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఆదిలాబాద్