రీగన్ తల్లి ముందు ఆసుపత్రికే వెళ్లింది

మా బాతెల్‌లో గడియారాలు వెనక్కి తిప్పేశాం. నాలుగున్నరకే చీకటి. ఆ వేళకి యూనివర్సిటీ పక్కనున్న చిత్తడి నేల మీదికి వేల కాకులు వచ్చి వాలతాయి. డ్యూటీకి వెళ్లేటప్పుడు కారు అద్దంలోంచి చూస్తే ఆకాశం నల్లగా కదులుతున్నట్టుంటుంది. దెయ్యం సినిమాకి ఇంతకన్నా మంచి ఊరు ఉండదేమో!

మా అమ్మాయి పట్టుబట్టి మొన్న నాకు 'ది ఎక్సార్సిస్ట్' చూపించింది. నేను దెయ్యం సినిమాలకి దూరం. చిన్నప్పుడు 'రాత్రి' చూసి వారం రోజులు అమ్మ పక్కనే పడుకున్నదాన్ని. మా అమ్మాయి పిల్ల తల వెనక్కి తిరిగినప్పుడు భయపడింది. నేను ఆసుపత్రి సీన్లకి భయపడ్డాను. అందుకే ఇది రాస్తున్నా.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1973 డిసెంబర్‌లో వచ్చింది. విలియం ఫ్రీడ్‌కిన్ తీశాడు. కథ రాసిన విలియం బ్లాటీ కాలేజీలో ఉండగా, 1949లో మేరీల్యాండ్‌లో ఒక అబ్బాయికి దెయ్యం వదిలించారన్న వార్త పేపర్లో చదివాడట. దాన్నే మనసులో పెట్టుకుని, అబ్బాయిని అమ్మాయిగా మార్చి 1971లో నవల రాశాడు. సినిమాకి పది ఆస్కార్ నామినేషన్లు, రెండు అవార్డులు. అంతకుముందు ఏ భయానక సినిమా ఉత్తమ చిత్రం పోటీ దాకా రాలేదు.

కథలో తల్లి క్రిస్ సినిమా నటి, దేవుణ్ణి నమ్మని మనిషి. పన్నెండేళ్ల కూతురు రీగన్ వింతగా ప్రవర్తిస్తుంటే ఆమె ముందు డాక్టర్ దగ్గరికే పరిగెడుతుంది. ఆయన నరాల సమస్య అని మాత్రలు రాస్తాడు. తర్వాత మెదడులో కణత వైపు భాగంలో ఏదో ఉందేమో అంటారు. మెడలో సూది గుచ్చి రక్తనాళాలకి ఎక్స్‌రే తీస్తారు. రక్తం చిమ్ముతుంది, పైన మిషన్ దడదడలాడుతుంది, పిల్ల కళ్లు బెదిరిపోతాయి. ఇరవై ఏళ్లుగా వార్డులో పనిచేస్తున్న నేను ఆ సీన్‌లో మొహం తిప్పుకున్నాను. అన్ని పరీక్షలూ అయ్యాక డాక్టర్లందరూ బల్ల చుట్టూ కూర్చుని, మా వల్ల కాలేదు, పిల్లకే దెయ్యం పట్టిందన్న నమ్మకం ఉంది కాబట్టి ఆ తంతు ఏదో చేయిస్తే ఆ నమ్మకంతోనే తగ్గొచ్చు అని తల్లికి చెప్తారు. అంటే ఆమెని చర్చి వైపు పంపింది పాస్టర్ కాదు, పక్కింటావిడా కాదు. డాక్టర్లే!

మన ఇళ్లలో ఇది తిరగబడి జరుగుతుంది.

మూడేళ్ల కిందట ఒక రాత్రి మా తమ్ముడి భార్య తెనాలి దగ్గర ఊరి నుంచి ఫోన్ చేసింది. "వదినా, పిల్లకి గాలి సోకింది. రోజుకి మూడుసార్లు కళ్లు తేలేసి చూస్తోంది, ఏదో కాలిన వాసన వస్తోందంటుంది, పెదాలు చప్పరిస్తది, పిలిస్తే పలకదు. తర్వాత ఏమీ గుర్తుండదు." అప్పటికే రెండు నెలలైంది. తాయెత్తు కట్టించారు, వేపమండలతో కొట్టించారు, ఒకాయన ఇంటికొచ్చి నిమ్మకాయలు కోసి ముగ్గు వేసి పదిహేను వేలు పట్టుకెళ్లాడు. పిల్ల మోచేతి మీద వాతలు వీడియో కాల్‌లో కనిపించాయి. నేనిక్కడ యూనిఫాంలో, బ్రేక్ రూంలో నిలబడి ఉన్నాను. తిట్టాలో ఏడవాలో తెలియలేదు.

కణత భాగంలో వచ్చే ఫిట్స్ అలాగే ఉంటాయి. ఒళ్లంతా కొట్టుకోవు. వాసన, భయం, శూన్యంగా చూపు, చప్పరింపు. నేను ఒకటే చెప్పాను, "ఈసారి వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తియ్యి, అది పట్టుకుని గుంటూరు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి." వెళ్లడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఎందుకో తెలుసా? తమ్ముడు చివరికి నోరు విప్పి చెప్పాడు. "అక్కా, దెయ్యమైతే దిగిపోద్ది. ఫిట్స్ అని కాగితం మీద రాస్తే పిల్లకి పెళ్లెట్లా అవుద్ది?"

ఈ మాట దగ్గర కాస్త ఆగండి. మనం మూఢనమ్మకం అని ఒక్క మాటలో కొట్టిపారేస్తాం. కానీ వాళ్లకి తెలివి లేక కాదు, లెక్క వేసుకునే దెయ్యాన్ని ఎంచుకున్నారు. దెయ్యం బయటి నుంచి వచ్చింది, పిల్లలో లోపం లేదు. జబ్బయితే వంశానికి అంటుతుంది, సంబంధాలవాళ్లకి తెలుస్తుంది. హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ ఉన్నవాళ్లతో పెళ్లి కుదరదన్న మాట 1999 దాకా ఉంది, ఆ ఏడాది సవరణలో తీసేశారు. చట్టం పుస్తకంలోంచి పోయింది గానీ పెళ్లిళ్ల పేరయ్య నోట్లోంచి పోలేదు.

అన్నీ ఫిట్సే అని నేను అనడం లేదు. కొత్త కోడలికి దెయ్యం పడితే అది సరిగ్గా అత్తగారినే ఎందుకు తిడుతుందో మీకూ నాకూ తెలుసు. ఆ పిల్లకి నోరు విప్పే అవకాశం అప్పుడే దొరికింది. దానికి మందు తాయెత్తూ కాదు, మాత్రా కాదు. జాతరలో అమ్మవారు పూనే అవ్వల సంగతి వేరు, వాళ్ల జోలికి నేను వెళ్లను.

ఇప్పుడు సినిమాతో నా పేచీ చెప్తాను. గొప్ప సినిమా, ఒప్పుకుంటాను. కానీ డాక్టర్లకి అంతు చిక్కలేదు కాబట్టి దెయ్యమే అన్న మెట్టు దాన్లో చాలా తేలిగ్గా ఎక్కించేశారు. అంతు చిక్కకపోవడం అంటే ఆ రోజుకి ఆ పరీక్ష లేదనే కూడా కావచ్చు. 1973లో ఎమ్మారై ఎక్కడిది? సొంత రోగనిరోధక శక్తే మెదడు మీద తిరగబడే ఒక వాపు జబ్బుని డాక్టర్ డాల్మావ్ బృందం 2007లో గుర్తించింది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకి వస్తుంది. అరుపులు, బూతులు, వంకరలు పోవడం, అచ్చం రీగన్‌లాగే. కొందరికి అండాశయంలో గడ్డ ఉంటుంది, అది తీసి మందులిస్తే చాలామంది కోలుకుంటారు. అంతకుముందు అలాంటి పిల్లల్లో ఎందరిని పిచ్చాసుపత్రికో, భూతవైద్యుడికో అప్పగించారో!

1976లో జర్మనీలో అనెలీసా మిషెల్ అనే 23 ఏళ్ల అమ్మాయి, ఫిట్స్ ఉన్న పిల్ల, నెలల తరబడి దెయ్యం వదిలించే ప్రార్థనలు చేయించుకుంటూ తిండి మానేసి చనిపోయింది. తల్లిదండ్రులకీ ఇద్దరు ప్రీస్టులకీ శిక్ష పడింది. అది వాళ్ల సంగతి అనుకోకండి. 2021 జనవరిలో మదనపల్లెలో ఏం జరిగిందో మన గ్రూపుల్లో అందరం చదివాం. ఇద్దరు ఎదిగిన కూతుళ్లు తల్లిదండ్రుల చేతుల్లో చనిపోయారు. ఆ తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లలకి చదువు చెప్పేవాళ్లే.

భక్తిని తప్పు పడుతున్నానా? లేదండీ. మా బాతెల్ గుడికి శనివారాలు నేనే ప్రసాదం వండి తీసుకెళ్తాను. సినిమాలో నాకు నచ్చిన మనిషి కూడా ప్రీస్టే, ఫాదర్ కారస్. ఆయన మానసిక వైద్యుడు కూడా. పిల్లని చూడగానే దెయ్యం అనడు. మామూలు కుళాయి నీళ్లు చల్లి, పవిత్ర జలం అని చెప్తాడు. పిల్ల కాలిపోతున్నట్టు అరుస్తుంది. అప్పుడు ఆయన అనుమానం పెరుగుతుంది. పైగా బిషప్ అనుమతి లేనిదే ఆ తంతు మొదలుపెట్టడానికి లేదు. మన నిమ్మకాయల ఆయన్ని ఎవరడిగారు?

కారస్ అసలు బాధ వేరే. ముసలి తల్లిని న్యూయార్క్‌లో ఒంటరిగా వదిలి తన పనిలో తనుంటాడు. ఆవిడని ప్రభుత్వాసుపత్రిలో మానసిక రోగుల వార్డులో పడేస్తారు, ప్రైవేటుకి డబ్బు లేదు. తర్వాత ఆమె ఒక్కతే చనిపోతుంది. దెయ్యం ఆయన్ని కొట్టింది ఆ దెబ్బ మీదే, తల్లి గొంతుతో పిలిచి. మా అమ్మాయికి అది మామూలు సీన్. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. మా నాన్న పోయినప్పుడు కోవిడ్, విమానాలు లేవు. పిండం పెడితే కాకి ముట్టిందో లేదో ఫోన్‌లో చూశాను. ఇక్కడ వేల కాకులు సాయంత్రం పూట నా తల మీదుగా ఎగిరిపోతాయి.

మేనకోడలు ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర. ఏడాదిన్నరగా ఫిట్ లేదు. చేతికి తాయెత్తు అలాగే ఉంది, మా అమ్మ కట్టింది. డాక్టర్ గారు ఉండనివ్వమన్నారట, మాత్ర మానకపోతే చాలని. నాకూ అభ్యంతరం లేదు. పెళ్లి మాట వచ్చినప్పుడు దాచొద్దని తమ్ముడితో ఇప్పటికీ పోట్లాడుతూనే ఉన్నాను. నిన్న కూడా ఫోన్ పెట్టేశాడు.