బాటమీద రోషము ప్రాణమునకు చేటు



ఈ పత్రికయందు నేను సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుచుందును. ఈ మాసమున మోటారు సైకిలును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని నేడు మన గ్రామములలో ఎడ్లబండి అరుదైనది. మోటారు సైకిలు లేని యిల్లు అంతకంటె అరుదు. పాలక్యానును కేంద్రమునకును, ఎరువుబస్తాను పొలమునకును, బిడ్డను బడికిని దానిమీదనే చేర్చుచున్నాము. పైరును కాపాడుకొనుటకు ఇన్ని మాటలు చెప్పుకొను మనము, పైరు వేయువాని ప్రాణమును గూర్చి ఒక పుట వ్రాసికొనరాదా?

2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వమువారి నివేదిక తెలుపుచున్నది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములమీద పోవువారే. లారీ నడుపువానికి చుట్టును ఇనుపగది గలదు. మనకు చొక్కా యొక్కటే గలదు. తప్పెవరిదైనను దెబ్బ మనదే. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటనుండియే పుట్టుచున్నది.

కొన్ని యేండ్ల క్రిందట ఒకనాటి మునిమాపున నేను ప్రదర్శన క్షేత్రమునుండి పెద్దరోడ్డు మీదుగా ఇల్లు చేరుచుంటిని. వెనుకనుండి ఒక కారు విడువక హారను మ్రోగించుచు వచ్చి, మూరెడు దూరమున నన్ను దాటి, నన్ను మట్టిలోనికి దింపి పోయెను. నాకు ఒడలు మండెను. వేగము పెంచి ఆ కారును వెంబడించితిని. రెండు కిలోమీటర్లు పోయిన పిమ్మట, ఒక మలుపున వెనుకదీపము లేక నిలిచియున్న ట్రాక్టరు ట్రక్కు కడపటి క్షణమున కంటబడెను. బ్రేకు వేయగా బండి జాఱి పడితిని. మోకాలు చీలెను, హెల్మెట్టు పగిలెను, తల నిలిచెను. నేను పడితినని ఆ కారువాడు నేటికిని ఎఱుగడు. వాని తప్పునకు నన్ను నేనే దండించుకొంటిని.

దారి యిచ్చుట పిఱికితనమని కుఱ్ఱవాండ్రు తలతురు. గట్టుమీద ఆంబోతు ఎదురైనప్పుడు ప్రక్కకు దిగి నిలుచుట పిఱికితనమా? తఱుముకొని వచ్చువానితో పందెము వేయక, ఎడమకు సంజ్ఞ చేసి, క్రమముగా నెమ్మదించి, వానిని పోనిండు. లారీ ప్రక్కను అంటుకొని పోకుడు. దాని అద్దములో డ్రైవరు ముఖము మీకు కనబడనిచో మీరు అతనికి కనబడుట లేదని యెఱుగుడు. ఎదుటి బండి దీపములు కన్నులు చెదరగొట్టునప్పుడు ఆ వెలుగును చూడక, రోడ్డు ఎడమ అంచును చూచుచు మెల్లగా సాగుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. చేయి బ్రేకును పట్టులోపలనే ఆ సెకను గడచిపోవును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన పిదప ఆగు దూరము నాలుగింతలగును. కావున ముందు బండికి దూరముగా నుండుడు. పోలీసువారు కనబడగా తలకెక్కి, వారు దాటగానే పెట్రోలు ట్యాంకుమీదికి దిగు హెల్మెట్టు ఎవరిని కాపాడును?

దుర్మార్గముగా నడుపువారిని విడిచిపెట్టుమని నా యభిప్రాయము కాదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము అట్టివారికి శిక్ష విధించియేయున్నది. బండి నంబరు గుర్తించి, ఒక ప్రక్క ఆగి, 112కు ఫోను చేయుడు, వెంబడింపకుడు. ఢీకొని పాఱిపోయిన బండి జాడ తెలియకున్నను, మృతుని కుటుంబమునకు 2 లక్షల రూపాయలును, తీవ్రముగా గాయపడినవారికి 50 వేలును ఇచ్చు పథకము 2022 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్నది. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చువారికి 2019వ సంవత్సరపు సవరణ చట్టమే రక్షణ నిచ్చుచున్నది. కేసు భయముచే ఎవ్వరును మొగము త్రిప్పుకొనవలదు.

ఇక మన యింటి మాట. నన్ను పడద్రోసినది కారువాని పొగరును, నా రోషమును మాత్రమే కాదు. ఎవ్వరో రైతు దీపము లేని ట్రక్కును కూడ. కొంతదూరము కలిసివచ్చునని పెద్దరోడ్డుపై ఎదురుదారిని పోవుచున్నాము. ధాన్యమును రోడ్డుమీద ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చి, చీకటి పడినను తీయకున్నాము. లారీవారిని తిట్టు మనమే ట్రాక్టరు నెక్కినప్పుడు మోటారు సైకిలువానికి లారీవారమగుచున్నాము.

కాబట్టి రాబోవు సర్వసభ్య సమావేశమున మన సంఘము రెండు తీర్మానములు చేయవలెనని నా మనవి. సభ్యుల ట్రక్కులన్నిటికి వెనుక ఎఱ్ఱగా మెఱయు పట్టీలను సంఘమే కొని అంటింపవలెను. ధాన్యము ఆరబెట్టుటకు ఊరికొక కల్లమును ఏర్పఱుపవలెను. ఈ వ్యయము ఒక్క యింటి దీపము ఆఱిపోవుటకంటె ఎక్కువ కానేరదు. పరుల దుడుకుతనమును మాన్పుట మన చేతిలో లేదు. మన రోషమును అణచుకొనుటయు, మన ట్రక్కునకు దీపము పెట్టుటయు మన చేతిలోనివే.