ఎలుకల పెళ్ళిచూపులు

హైటెక్ సిటీ అద్దాలమేడల్లో ఎలుకలు లేవంటే నేను నమ్మను. మా అల్లుడిగారి ఆఫీసు అక్కడే, తొమ్మిదో అంతస్తులో. సొరుగులో దాచిన బిస్కెట్ పొట్లాలు ఎవరు కొరుకుతున్నారో అందరికీ తెలుసు. అది ఇంటెలుక; మనిషి ఎక్కడుంటే అక్కడే దాని కాపురం. నేను చెప్పబోయేది పొలంలో ఉండే చిట్టెలుక సంగతి. 1998లో సైబర్ టవర్స్ లేచేదాకా మాదాపూర్ అంటే రాళ్ళగుట్టలూ, చేలూ, దుర్గం చెరువూ గదా! అలాంటి చేలగట్లే చిట్టెలుకకు పుట్టిల్లు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు 'మస్ బూడుగ'. ముళ్ళపూడివారి బుడుగుకీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు లెండి.

దీనికి కవలలాంటిది 'మస్ టెర్రికలర్' అని మరో జాతి ఉంది. రెండూ ఒకే పొలంలో మసలుతాయి. చేతిలో పెట్టుకు చూసినా ఏది ఏదో చెప్పడం పండితులకే కష్టం. రెంటికీ క్రోమోజోములు నలభయ్యే, తేడా అంతా వాటి ఆకారంలో. బనారసు హిందూ విశ్వవిద్యాలయం వారు వీటిని ఏళ్ళ తరబడి పరిశీలించారు. మరి చీకట్లో తిరిగే ఎలుకమ్మకు తన వరుడెవరో ఎలా తెలుస్తుందంటారు?

ఇంటెలుకల మీద జరిగిన పరిశోధనలు చెప్పే జవాబు ఒక్కటే: ముక్కుతో. మగ ఎలుక మూత్రంలో కొన్ని ప్రోటీన్లుంటాయి. దారివెంట చుక్క విడిచిపోతే అదే జాతకచక్రం. ఆడ ఎలుకను ఆకర్షించే ప్రోటీనొకదాన్ని 2010లో లివర్‌పూల్ శాస్త్రజ్ఞులు పట్టుకుని, జేన్ ఆస్టిన్ నవలానాయకుడు డార్సీ పేరుమీద 'డార్సిన్' అని నామకరణం చేశారు. వాసన బాగా కలిసిందంటే తోబుట్టువు కాబోలని దూరం జరుగుతాయి. సగోత్రం పనికిరాదన్నమాట! మగవాడు పాటకూడా పాడతాడుగాని, ఆ శ్రుతి మన చెవికందదు.

ఐరోపాలో ఇంటెలుకలు రెండు తెగలు. డెన్మార్కు నుంచి బల్గేరియా దాకా సాగిన సన్నని పట్టీలో రెండూ కలుస్తాయి. తూర్పు తెగవాళ్ళు స్వజనం వాసననే కోరతారు. పడమటివారికి ఆ పట్టింపు తక్కువ. ఎందుకీ పట్టింపు? కలగలుపు సంతానంలో మగపిల్లలు చాలాసార్లు గొడ్డుపోతారు. ఇలాంటి కీడు ఆడా మగా బిడ్డల్లో ఎవరికి ఎక్కువగా తగులుతుందో తెలిపే సూత్రాన్ని 1922లో చెప్పింది జె.బి.ఎస్. హాల్డేన్. ఆ మహానుభావుడు 1957లో మన దేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వరంలో కన్నుమూశాడు. తన దేహం వైద్యవిద్యకు ఉపయోగపడాలని కోరితే, అది మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకే చేరింది.

ఈ సంగతులు చెబుతుంటే మా వీధి పెద్దమనిషి ఒకాయన మీసం దువ్వాడు. "చూశారుటండీ, ఎలుకలే కులం తప్పవు. మా అమ్మాయికి చెప్పండి!" అన్నాడు. ఆ పిల్ల మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ, పక్క బల్ల కుర్రాణ్ణి చేసుకుంటానంటోంది. కులం వేరు.

అయ్యా, ఆ లెక్క కుదరదన్నాను. బూడుగ, టెర్రికలర్ వేరు వేరు జాతులు. మనుషులందరిదీ ఒకటే జాతి. ఏ కులంవాళ్ళు ఏ కులంలో చేసుకున్నా ఆ కారణాన పిల్లలు గొడ్డుపోరు. ఎలుకనే సాక్ష్యానికి పిలిస్తే అది అమ్మాయి తరఫునే పలుకుతుంది. అక్కడ వరుణ్ణి ఎంచేది ఎలుకమ్మేగాని, ఎలుకమ్మ తండ్రి కాదు గదా!

ఆయన మాట్లాడలేదు. నాలుగు రోజుల తర్వాత కనిపించి, కుర్రాడి జీతం ఎంతో మా అల్లుణ్ణి కనుక్కోమన్నాడు.