ఏనుగుకి గాజులు

మా అక్క కొడుకు యూకేజీ. ఓ ఆదివారం ఇంటికొచ్చి, ‘మామా, ఏనుగు బొమ్మ వెయ్యవా’ అన్నాడు. వేశాను. కాసేపు తేరిపార చూసి, ‘దీన్ని ఎవరైనా తొక్కేశారా?’ అని అడిగాడు.

వాడన్నది నిజమే. తొండం, చెవులు, తోక అన్నీ ఉన్నాయి. కానీ ఏనుగు పెనం మీద దోశలా పరుచుకుని ఉంది. బీటెక్ ఫస్టియర్‌లో మినీ డ్రాఫ్టర్ మోసుకెళ్లి ఐసోమెట్రిక్ వ్యూలు వేసినవాణ్ణి నేను. డబ్బా అయితే స్కేలు పెట్టి మూడు వైపులూ చూపించొచ్చు. ఏనుగుకి మూలలెక్కడివి?

పంతం పట్టి రోజూ రాత్రి పావుగంట ప్రాక్టీస్ మొదలుపెట్టా. పెన్సిల్ కాదు, పెన్ను. చెరిపే చాన్స్ లేదు. పొద్దస్తమానం కంట్రోల్ జెడ్ నొక్కే చేతికి ఇదో శిక్ష! ముందు దొండకాయలాంటి వంకర ఆకారం గీయాలి. మణికట్టు తిప్పకుండా, భుజం నుంచి చెయ్యి కదిపి ఒక్క ఊపులో. దాని మధ్యలో వెన్నెముకలా ఓ గీత. ఆ గీతకి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి వంపు గీతలు. అంతే. కానీ నావి చారల దొండకాయలుగానే మిగిలాయి. పేజీలు నిండాయి, ఒక్కటీ కాగితం మీంచి లేవలేదు.

ఓ పొద్దున అమ్మ కాఫీ ఇస్తుంటే ఆమె గాజులు కంటపడ్డాయి. చెయ్యి నాకు అడ్డంగా ఉన్నప్పుడు ఒక్కో గాజు సన్నగా, దాదాపు గీతలా ఉంది. గ్లాసు నా వైపు చాపగానే అదే గాజు విచ్చుకుని గుండ్రమైంది. గాజు మారలేదు, చెయ్యి తిరిగిన దిక్కు మారింది. నేనేమో అన్ని గీతల్నీ ఒకే వంపుతో గీస్తున్నా! ‘ఏంట్రా అలా చూస్తావ్, ఇవి పాతవే’ అంది అమ్మ.

ఆ రాత్రి దొండకాయలకి గాజులు తొడిగా. మన వైపు తిరిగే చోట వెడల్పుగా, పక్కకి సాగే చోట సన్నగా. గాజు రెండంచుల్నీ తాకాలి. అంచు దగ్గర ఆగిపోయినట్టు కాకుండా, వెనక్కి చుట్టుకెళ్తున్నట్టు వంగాలి. మన వైపు చూసే కొసన ఓ చిన్న కోడిగుడ్డు ఆకారం. మూడో బొమ్మకే ఆకారం ఉబ్బింది!

ఇది కొత్త విద్యేం కాదు. న్యూయార్క్‌లో డ్రాయింగ్ నేర్పిన కిమన్ నికొలాయిడిస్ పాఠాలు, ఆయన పోయాక 1941లో ‘ది నేచురల్ వే టు డ్రా’ పుస్తకంగా వచ్చాయి. అందులోనూ ఈ అడ్డగీతల అభ్యాసం ఉంది. చూపు వస్తువు అంచు వెంటే కాదు, దాని ఒంటి మీదుగా కూడా నడవాలి. పెన్ను ఆ చూపు వెనకే వెళ్లాలి.

నమ్మకం కుదరకపోతే ఓ బంగాళాదుంపకి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, మెల్లగా తిప్పి చూడండి.

మొన్న ఆదివారం మళ్లీ ఏనుగు వేశా. పొట్ట ఓ పెద్ద గుమ్మడికాయ, తల ఓ చిన్న గుమ్మడికాయ, తొండం నిండా గాజులు. పొట్ట కాస్త ఒరిగింది. పెన్ను కదా, అలాగే ఉంచేశా. మా వాడు తొండం మీద వేలు పెట్టి కిందిదాకా జార్చి, ‘మామా, ఏనుగుకి గాజులేంటి?’ అన్నాడు.

ఎవరైనా తొక్కేశారా అని మాత్రం అడగలేదు.