ఉచిత వీడియో: చెల్లించేదెవరు?

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చిన చేనేత కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. పన్నెండు గంటల షిఫ్టు ముగించుకొని వచ్చిన మరమగ్గ కార్మికునికి నేడు వార్తయినా, వినోదమైనా, స్వగ్రామం నుండి పలకరింపైనా చేతిలోని ఫోను ద్వారానే. అట్టివానికి "మా వీడియోలు చూస్తే డేటా ఖర్చు లేదు" అని టెలికాం కంపెనీ చెబితే సంతోషం కలగడం సహజం.

అయితే ఈ ఔదార్యం వెనుక నున్న లెక్కను కార్మికవర్గం పరిశీలించవలసి వున్నది. కంపెనీతో ఒప్పందం చేసుకోగల గుత్త సంస్థ సినిమా ఉచితంగా వస్తుంది. కార్మిక సంఘ సభకు, కనీస వేతనాలను వివరించే ఉపన్యాసానికి మాత్రం చార్జీ పడుతుంది. అప్పుడు కార్మికుడు ఏమి చూడాలో నిర్ణయించేది కార్మికుడు కాదు, కంపెనీయే.

ఇది మనకు కొత్త ఎత్తుగడ కాదు. యజమాని దుకాణంలో మాత్రమే చెల్లే చీటీలను కూలిగా ఇచ్చే పద్ధతి ఒకప్పుడు వుండేది. బ్రిటన్‌లో 1831 నాటి ట్రక్ చట్టం దానిని నిషేధించింది. మన దేశంలో 1936 వేతన చెల్లింపు చట్టం కూలిని చెలామణీ నగదులోనే ఇవ్వాలని నిర్దేశించింది. ఉచిత వీడియో కూడా అట్టి చీటీయే.

2015లో ఎయిర్‌టెల్ జీరో, ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ పథకాలు వచ్చినపుడు లక్షలాది ప్రజలు ట్రాయ్‌కు లేఖలు పంపారు. ఫలితంగా 2016 ఫిబ్రవరి 8న, చూసే విషయాన్నిబట్టి డేటాకు వేర్వేరు ధరలు వసూలు చేయరాదని ట్రాయ్ శాసించింది. ఉల్లంఘనకు రోజుకు 50,000 రూపాయల జరిమానా విధించింది.

పేదవానికి అందే ఉచితాన్ని అడ్డగించడం న్యాయమా అని కొందరు ప్రశ్నిస్తారు. ఉచితాన్ని మనం వ్యతిరేకించడం లేదు. గ్రామీణులకు నెలకు 100 ఎం.బి. డేటాను, ఏ కంపెనీ విషయానికీ ముడిపెట్టకుండా, ఉచితంగా ఇవ్వాలని అదే ట్రాయ్ 2016 డిసెంబరులో సిఫారసు చేసింది. అదీ సరియైన మార్గం.

అప్రమత్తత అవసరం. అమెరికాలో నెట్ సమానత్వ నిబంధనలను 2025 జనవరిలో న్యాయస్థానం కొట్టివేసింది. ఇక్కడ ప్రైవేటు కంపెనీలు 2024 జూలైలో రీఛార్జి ధరలు పెంచాయి. కావున 2016 నిబంధనలను కాపాడాలని, కూలివానికి అందుబాటు ధరలో డేటా ఇవ్వాలని, బి.ఎస్.ఎన్.ఎల్.ను పటిష్ఠపరచాలని మన సంఘాలన్నీ డిమాండు చేయాలి. మనకు కావలసినది యజమాని చీటీ కాదు, ఎక్కడైనా చెల్లే నాణెం.