రఫ్ ఎవడు?

నల్లగొండ బస్సు ఎల్.బి.నగర్‌ల దిగి, టికెట్ పైసలు మిగుల్తయని దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచేటోణ్ణి. కోచింగ్ సెంటర్ల రెండు నోట్‌బుక్కులు పెట్టమన్నరు. ఒకటి రఫ్, ఒకటి ఫెయిర్. కొట్టివేతలన్నీ రఫ్‌ల, ముత్యాలసొంటి అక్షరాలు ఫెయిర్‌ల. ఒకనాడు లేచి జవాబు చెప్పిన. సారు నవ్విండు: "జవాబు కరెక్టేగానీ, నీ భాష మరీ రఫ్‌గా ఉందిరా." క్లాసంత నవ్వింది. రఫ్ బుక్కు నేనేనని ఆనాడు అర్థమైంది.

తర్వాత డిక్షనరీలు తిరగేసిన. రఫ్ అనేది పాత ఇంగ్లీషుల 'రూహ్'. బొచ్చుతో ఉన్నది, ముతకది, సాగుచెయ్యనిది అని అర్థాలు. స్పెల్లింగు చివరి జీ, హెచ్ ఒకప్పుడు గొంతులకెల్లి 'ఖ్' అన్నట్టు పలికేవి. ఆ గరుకు ధ్వనిని వాళ్లే 'ఫ్' అని మెత్తజేసుకున్నరు. రాతల మాత్రం ఆనవాలు మిగిలింది. ఫెయిర్ అంటే మొదట అందమైనది. తర్వాత తెల్లతోలూ ఫెయిరే, న్యాయమూ ఫెయిరే. అందం, తెలుపు, న్యాయం మూడూ ఒక్క మాటల కూసున్నయి. మరి రఫ్‌కేం మిగిలింది?

బొచ్చుతోలు రఫే, ఒప్పుకుంట. దాన్ని సున్నంల నానేసి, బొచ్చు గీకి, లందల తంగేడు చెక్కతోని పదునుబెట్టి మెత్తజేసిందెవరు? మా తాత. ఆ చెప్పు తొడుక్కున్నోడు నాజూకు, కుట్టినోడు మోటు! బీడును చదును చేసిందెవరు? కూలికి బోయిన మా అవ్వ. లోకంల గరుకంత తీసేసినోళ్ల చేతులకే గరుకని పేరు.

ఇది ఇంగ్లీషోళ్ల పాపమొక్కటే కాదు. తెలుగు పండితులు మా మాటను 'గ్రామ్యం' అన్నరు. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద కొట్లాడిండు, ఆయనకు దండం. గనీ గెలిచింది 'శిష్ట' వ్యావహారికం. శిష్టులెవరో లెక్కదీసిన్నాడు మా వాడ లెక్కకు రాలే.

2018ల ఎల్.బి.నగర్‌కు మెట్రో వచ్చింది. దాని కిందనే, అదే తొవ్వల నడిచే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మిమ్మల్ని రఫ్ అన్నోణ్ణి ఒక్కటే అడుగుండ్రి: లెక్క చేసేది ఏ బుక్కుల? తప్పొప్పులు తేలేది ఏ బుక్కుల? రఫ్‌లనే. ఫెయిర్ బుక్కు తేలిన జవాబును ఎత్తి రాసుకుంటది, మార్కులు అదే కొట్టేస్తది. మీ రఫ్ బుక్కులు చింపకుండ్రి. నేను రాసిన ఈ నాలుగు ముక్కలు గూడ ఫెయిర్ బుక్కుల కెక్కియ్య.