పచ్చి ఒంటె పాలు: హలాలే, మరి తయ్యిబేనా?



మా చిచ్చాకి మూడేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. వచ్చే నెల దుబాయిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. మొన్న ఆ తమ్ముడు ఫోన్ చేసి, "భాయిజాన్, అబ్బాని రోజూ ఫామ్‌కి తీసుకెళ్లి అప్పుడే పితికిన ఒంటె పాలు తాగిస్తాను. కాచితే షిఫా పోతుందంటున్నారు" అన్నాడు. తండ్రి మీద మొహబ్బత్‌తోనే అన్నాడు. అయినా నాకు గుండె జారింది. ఎందుకో మీక్కూడా చెప్పాలి. ఇలాంటి అబ్బాలు, అమ్మీలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు.

కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఇ వైరస్ ఒంటెల్లోనూ ఉందని 2014లో దుబాయి ఒంటెల ద్వారానే లోకానికి తెలిసింది. 203 ఒంటెల పెంట పరీక్షిస్తే మూడింటిలో కొత్త రకం దొరికింది. తర్వాత చైనాలోని షిన్జియాంగ్‌లో రెండు మూపురాల ఒంటెల్లో మరో రకం బయటపడింది. 2016లో యూఏఈ, పాకిస్తాన్, నాలుగు ఆఫ్రికా దేశాలకు చెందిన 2,438 ఒంటె నమూనాల నివేదిక వచ్చింది. 1983 నాటి పాత నమూనాల నుంచి అప్పటి తాజా వాటి వరకు అందులో ఉన్నాయి. రక్తంలో యాంటీబాడీల కోసం చూస్తే, సగానికి దగ్గరగా ఒంటెల్లో కనిపించాయి. అంటే ఇది నిన్న మొన్న పుట్టింది కాదు, ఒక్క ముల్క్‌కి చెందిందీ కాదు.

ఈ సంగతి ఎవరో సగమే చదివి "సగం ఒంటెలకు కామెర్లు" అని వాట్సాప్‌లో తిప్పుతారు. అది జుల్మ్. యాంటీబాడీలు ఉన్నాయంటే ఎప్పుడో ఒకసారి వైరస్ సోకిందని అర్థం. పరీక్ష చేసిన రోజున వైరస్ కూడా ఉన్న ఒంటెలు నూటికి ఒకటి కూడా లేవు. అలాగని "మన తాతలు తాగలేదా, ఏమైంది?" అని తోసిపుచ్చడం కూడా సరికాదు. ఏ ఒంటెకు ఏ రోజు వైరస్ ఉందో చూసి చెప్పే నజర్ మనలో ఎవరికుంది? వైరస్ బయటికొచ్చేది పెంటలో. పాలు పితికేచోట పెంట, పొదుగు, చెయ్యి, గిన్నె అన్నీ పక్కపక్కనే ఉంటాయి.

ఆరోగ్యవంతుడికి ఈ జబ్బు వస్తే మామూలుగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అవయవ మార్పిడి అయినవాళ్ల మాట వేరు. ఒళ్లు కొత్త అవయవాన్ని తోసెయ్యకుండా వాళ్లు రోజూ మందులు మింగుతారు. ఆ మందులే రోగాలతో పోరాడే తాకత్‌ని తగ్గిస్తాయి. అప్పుడు వైరస్ పోకుండా కాలేయంలో తిష్ఠ వేస్తుంది. యూఏఈలో కాలేయ మార్పిడి జరిగిన ఒక రోగికి అదే అయింది. ఆయన ఒంటె మాంసం, ఒంటె పాలు అలవాటుగా తీసుకునేవారు. ఆయనలో దొరికిన వైరస్ ఒంటెల వైరస్‌తో సరిపోయింది. అల్లాహ్ దయ, మందులతో తగ్గింది.

ఒంటె పాలు హలాల్, అందులో షక్ లేదు. కానీ ఖుర్ఆన్ మనకు హలాల్‌తో పాటు తయ్యిబ్ అనే మాట కూడా నేర్పింది. అది అనుమతితో ఆగదు, ఒంటికి మేలు చేసేదై ఉండాలంటుంది. పాలు కాచితే సున్నత్‌కి ఏ లోటూ రాదు. ఒంటెకు తాడు కట్టడం, తవక్కుల్ చేయడం రెండూ కలిసే ఉంటాయని మనం చిన్నప్పుడే విన్నాం. పొయ్యి మీద పొంగు వచ్చేదాకా ఉంచడం కూడా ఆ తాడు లాంటిదే. మెర్స్ జబ్బు వచ్చినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ ఇదే: పచ్చి ఒంటె పాలు, ఒంటె మూత్రం తాగొద్దు, సరిగా ఉడకని మాంసం తినొద్దు.

ఇంకో మాట కూడా ఇన్సాఫ్‌తో చెప్పాలి. మన దేశంలో హెపటైటిస్ ఇ ఎక్కువగా వచ్చేది ఒంటె నుంచి కాదు, మురుగు కలిసిన నీళ్ల నుంచి. 1955-56లో ఢిల్లీలో దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చింది అలాగే. నీళ్లతో వచ్చే ఆ రకం నిండు గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. దుబాయి ఒంటె గురించి భయపడుతూ ఇంట్లో కుళాయి నీళ్లు కాచకుండా తాగితే అది అఖల్ అనిపించుకోదు. ఇస్తిన్జా తర్వాత, వంటకు ముందు, జానవర్‌ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మన తహారత్‌లోని భాగమే.

తమ్ముడితో ఇదే అన్నాను: "బేటా, ఫామ్‌కి తీసుకెళ్లు, అబ్బాకి ఒంటెలు చూపించు. పాలు మాత్రం బాగా కాచి ఇవ్వు. అదీ డాక్టర్‌ని అడిగాకే." కాసేపు మౌనంగా ఉండి, "సరే భాయిజాన్, డాక్టర్‌కి ఈరోజే ఫోన్ చేస్తా" అన్నాడు.

సేహత్ అల్లాహ్ మనకిచ్చిన అమానత్. అల్లాహ్ మన పెద్దలందరికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.